బాబాయి పళ్ళ మీద గార

ఐరన్ బే,
14 సెప్టెంబరు 1986

ప్రియమైన రేనో బాబాయికి,

నువ్వు పొగబెట్టి పంపిన చేపలు అందాయి. గది అద్దెకిచ్చినావిడ వాసన భరించలేక కిటికీలన్నీ తెరిచింది. ఆవిడ అటు వెళ్ళగానే నేను మూసుకుని, వాసనతో సహా తిన్నాను.

రెండో ఏడాది మొదలైంది. ఇది గట్టెక్కితే డిగ్రీ చేతికొస్తుంది. కానీ డిగ్రీ ఒక్కటే చాలదు, లైసెన్సు పరీక్ష కూడా నెగ్గాలి. మన కోర్పిలో పళ్ళ డాక్టరు, పళ్ళు శుభ్రం చేసే ఉద్యోగం జులై దాకా నాకోసం ఖాళీగా ఉంచుతానన్నాడు. అప్పటికి లైసెన్సు లేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటాడు. అమ్మ సంగతి నీకు తెలుసుగా. "రెండేళ్ళు చదివి జనం నోట్లో వేళ్ళు పెడతానంటావేంటే? ఆ నిలబడేదేదో మన కొట్లో కౌంటరు దగ్గర నిలబడు" అంటుంది.

కానీ బాబాయ్, ఈ చదువులో ఎన్ని మాటలున్నాయో. పంటి మీద మెత్తగా పట్టేది పాచి. దాన్ని పట్టించుకోకపోతే రాయిలా గట్టిపడుతుంది, అప్పుడది గార. ఒకసారి పైకి అని చూడు. 'గార' అనగానే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. మా పనికి కావలసింది అదే కదా. ఒక్క పంటికే నాలుక వైపు, బుగ్గ వైపు, పొరుగు పంటి వైపు అని వేరువేరు పేర్లున్నాయి. ఇన్నాళ్ళూ నా నోట్లో ఇంత పెద్ద ఊరుందని తెలియకుండానే బతికాను.

ఒక చిన్న పని చేసిపెట్టు. నీ నోట్లో నీ సొంత పళ్ళు ఏవేవి మిగిలాయో చూసి రాయి. పై దవడ, కింది దవడ విడివిడిగా.

నీ
సైమి

---

కోర్పి అడవి,
28 సెప్టెంబరు

సైమీ,

గుర్రం కొంటున్నావా ఏంటి? పళ్ళు చూసి బేరమాడేది గుర్రానికే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. అదీ దుంగ లాగే గొలుసు తెగి తగిలితే పోయింది, డాక్టరు చేతిలో కాదు. పళ్ళు పీకేవాడు మేం దుంగలు కొట్టే క్యాంపుకొచ్చిన రోజున మీ నాన్న బుద్ధిగా వరసలో నిలబడ్డాడు. నేను అడవిలోకి పోయాను. సాయంత్రం తిరిగొచ్చి చూస్తే మా అన్నయ్య నోరు తాడు బిగించిన సంచిలా ఉంది. మంచి పళ్ళని కూడా వదల్లేదు. ముందు ముందు నొప్పెడతాయట, అందుకని. ఆ రోజు నుంచి నేను పళ్ళ డాక్టరు కుర్చీ ఉన్న గుమ్మం తొక్కలేదు. ఎలుగుబంటి ఎదురైనా నిలబడతాను గానీ అది నావల్ల కాదు.

ముందు పళ్ళ మధ్య పంచదార గడ్డ పెట్టుకుని, సాసర్లో పోసిన కాఫీ దాని గుండా పీల్చడానికి ఉన్నవి సరిపోతున్నాయి. మనిషికి ఇంకేం కావాలి?

నీ మాటలు బాగున్నాయి. కాస్త పొదుపుగా వాడుకో, చలికాలం పొడుగు.

రేనో

---

ఐరన్ బే,
9 నవంబరు

ప్రియమైన, పళ్ళున్న బాబాయికి,

దుప్పుల వేట మొదలయ్యే రోజు మా కాలేజీకి సెలవు. మా టీచరు మిసెస్ ట్రెంబాత్ కూడా తుపాకీకి నూనె పెట్టుకుంటోంది. అందుకే ఈలోపు రాస్తున్నాను.

పళ్ళ గురించి ఎందుకడిగానో చెప్తాను. మా లైసెన్సు పరీక్ష కాగితం మీద రాసేది ఒక్కటే కాదు. బయటి నుంచి పరీక్షకులు వస్తారు, వాళ్ళ ఎదుట నిజం మనిషి పళ్ళు శుభ్రం చేసి చూపించాలి. ఆ మనిషిని కాలేజీ ఇవ్వదు, ఎవరి మనిషిని వాళ్ళే వెతికి తెచ్చుకోవాలి. ఆ మనిషి పళ్ళకి గట్టి గార బాగా పట్టి ఉండాలి. ముందు ముగ్గురు పరీక్షకులు అతని నోరు చూస్తారు. వాళ్ళు ఒప్పుకుంటేనే పరికరం నా చేతికొస్తుంది. లేదంటే పరీక్ష రాయకుండానే ఇంటికి.

అందుకని ఇప్పుడు మా క్లాసంతా వేటలోనే ఉంది. హాకీ ఆటకి వెళ్ళి ఆట చూడం, అరిచేవాళ్ళ నోళ్ళు చూస్తాం. నా స్నేహితురాలు డెనీస్ సారా కొట్లో ఒకతన్ని చూసి "మీ పళ్ళు ఎంత బాగున్నాయో" అందట. అతను ఇంకేదో అనుకుని పువ్వులు పట్టుకొచ్చాడు. ఇప్పుడతనే ఆమె పరీక్షకి మనిషి.

నేను ఎవరిని తెచ్చుకోను? మన ఇంట్లో అందరివీ కట్టుడు పళ్ళే. అమ్మ పెళ్ళికి తాతయ్య ఇచ్చిన కానుకే అది కదా, కట్టుకునేవాడికి ఆ ఖర్చు లేకుండా ముందే అన్నీ పీకించేసి కొత్త సెట్టు కట్టించడం. అత్తలదీ అంతే. వంశం మొత్తానికి సొంత పళ్ళతో, ఏనాడూ డాక్టరు చెయ్యి పడని పళ్ళతో మిగిలింది నువ్వొక్కడివే. నువ్వు మా ఇంటి నిధివి.

వస్తావా? పీకరు. ఒట్టు.

సైమి

---

కోర్పి అడవి,
30 నవంబరు

సైమీ,

నీ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించాను. నవ్వీ నవ్వీ పళ్ళు తీసి బల్ల మీద పెట్టేసింది.

నాకు అర్థమైంది ఇది. మన బంధువులందరిలోకీ నా నోరే మురికి, అదే నీకు నిధి. ఇన్నేళ్ళకి నాలోనూ ఒక సుగుణం కనిపెట్టావు, సంతోషం. వస్తాను. పీకనని ఒట్టేశావు, మర్చిపోకు.

ఆ పరీక్షకులు ఏ ఊరి వాళ్ళు? చొక్కాల మీద టైలు కట్టుకునే రకమా?

దుప్పి దొరికింది. ఒక తొడ మీ ఇంటికిచ్చాను.

రేనో

---

ఐరన్ బే,
11 జనవరి 1987

ప్రియమైన బాబాయ్,

క్రిస్మస్ సెలవుల్లో ఆవిరి స్నానానికి వెళ్ళి, సౌనా బయటి గదిలో నీ నోట్లోకి టార్చి వేసి చూసినప్పుడు నేను కేక పెట్టినందుకు ఏమీ అనుకోకు. అది ఆనందం. కింది ముందు పళ్ళ వెనకాల, నాలుక వైపు, వంతెన కట్టినట్టు ఒకే గట్టు. పుస్తకంలో బొమ్మ కూడా అంత స్పష్టంగా ఉండదు. నువ్వు మాత్రం ముఖం అటు తిప్పుకుని తువ్వాలు అందుకున్నావు.

పరీక్ష మే రెండో తేదీ, శనివారం. నువ్వు చెయ్యవలసింది ఒక్కటే, ఏమీ చెయ్యకపోవడం. అప్పటిదాకా ఎవరి దగ్గరా శుభ్రం చేయించుకోవద్దు. వద్దు. మళ్ళీ చెప్తున్నాను, వద్దు. నువ్వు ఎలా ఉన్నావో అలాగే నాకు కావాలి.

ఇక్కడ సరస్సు మీద మంచు రాత్రిళ్ళు మూలుగుతోంది. దానికేదైనా మాట ఉందేమో వెతుకుతున్నాను.

నీ నిధికి కాపలాదారు,
సైమి

---

కోర్పి అడవి,
5 ఏప్రిల్

సైమీ,

కూర్చుని చదువు. నీకో శుభవార్త.

పోయిన వారం బండేసుకుని విస్కాన్సిన్ వైపు పోయాను, నన్నెరిగినవాళ్ళు ఎవరూ లేని ఊరికి. పళ్ళ డాక్టరు గుమ్మం ముందు బండి ఆపుకుని చాలాసేపు కూర్చున్నాను. ఒకసారి వెనక్కి తిప్పాను కూడా. మళ్ళీ వచ్చాను. లోపల నీ ఈడు పిల్లే ఉంది. "ఆ కుర్చీ చేతులు వదలండి, ఊడొస్తాయి" అంది. చొక్కా తడిసిపోయింది, దాచను. గంటకి పైగా గీకింది. అయ్యాక అద్దమిచ్చింది. సైమీ, నా నోట్లో మా నాన్న నవ్వు కనబడింది. ఆయన నవ్వగా నేను చూసింది తక్కువ.

నువ్వు వద్దని మూడుసార్లు రాశావు. నాకా తెలియంది? కాఫీ ఇస్తామంటే మర్యాదకి మూడుసార్లు వద్దన్నాకే కదా మనం తాగేది. ఎవరింట్లోనైనా మొదటిసారికే సరేనంటే మా అమ్మమ్మ తొడపాశం పెట్టేది. నీ నోటితో నువ్వు చెప్పలేవు, బాబాయి నొచ్చుకుంటాడని. టార్చి వేసి నువ్వు కేక పెట్టిన రోజునే నాకు అర్థమైంది.

ఇప్పుడు ఆ ముగ్గురూ వచ్చి చూడనీ. మన లాహ్తీ వాళ్ళ పిల్ల శుభ్రమైన ఇంటి నుంచి వచ్చిందని తెలుస్తుంది.

రేనో

---

ఐరన్ బే,
9 ఏప్రిల్

బాబాయ్,

అమ్మ కొట్టుకి ఫోన్ చేసి నిన్ను పిలిపిద్దామనుకున్నాను. నేను ఏడిస్తే ఊరంతా వింటుంది, అందుకే రాస్తున్నాను.

వద్దు అంటే వద్దనే, బాబాయ్. నేను కాఫీ గురించి మాట్లాడలేదు. గార ఉంటేనే పరీక్ష. శుభ్రమైన నోరు చూపిస్తే వాళ్ళు మెచ్చుకోరు, గుమ్మంలోంచే వెనక్కి పంపుతారు. నేను నీ పళ్ళని నమ్ముకుని ఇంకెవరినీ వెతకలేదు. మళ్ళీ అంత గార పట్టాలంటే ఎన్నేళ్ళో. తర్వాతి పరీక్ష చలికాలానికి గానీ రాదు. అప్పటికి మన ఊళ్ళో ఉద్యోగం ఇంకొకరిది అయిపోతుంది. అమ్మ ఏమంటుందో నాకు ఇప్పుడే వినబడుతోంది.

ఇది రాసి, పోస్టు చెయ్యకుండా మెట్ల మీద కూర్చున్నాను. కోపం ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. ఎలుగుబంటి నయమన్నవాడివి నా పరువు కోసం ఆ కుర్చీలో కూర్చున్నావు. నా మీద ఇంత ప్రేమ చూపించిన మనిషి మీద ఇంత కోపం రావడానికి ఏదైనా మాట ఉండాలి. నాకింకా దొరకలేదు.

డెనీస్ సంగతీ అంతే. పువ్వుల మనిషికి ఓడలో పని దొరికింది, వెళ్ళిపోయాడు. మిసెస్ ట్రెంబాత్‌కి చెప్తే ముందు నవ్వింది, నా ముఖం చూసి ఆపేసింది. ఇరవై అయిదో తేదీ శనివారం పొద్దున క్లినిక్ తెరిచి ఉంచుతుందట. ఆలోపు ఎవరినైనా తెస్తే చూస్తానంది. ఎవరిని తేను?

సైమి

---

కోర్పి,
16 ఏప్రిల్

సైమీ,

నాకు క్షమించమని రాయడం రాదు. పని చేయడం వచ్చు.

ఇక్కడ మంచు కరిగి దార్లన్నీ బురద. దుంగలు నింపిన లారీలు తిరగకూడదని ఆపేశారు. అడవి పని చేసేవాళ్ళంతా కాఫీ కొట్లోనే పడి ఉన్నారు. నేను పోయి మధ్యలో నిలబడి నోరు తెరిచాను.

"ఏరా రేనో, పెళ్ళి గిళ్ళీ కుదిరిందా?" అన్నాడు ఊర్హో. లారీ తోలే ఊర్హో, నీకు తెలుసుగా, తలుపులోంచి పక్కకి తిరిగి వస్తాడు.

"శుభ్రం చేయించాను."

"నొప్పా?"

"ఉంది. మీ ఆవిడ తిట్టేదానికంటే తక్కువే."

"ఎన్ని పీకారు?"

"ఒక్కటి కూడా పీకలేదు."

ఎవరూ నమ్మలేదు. అందరూ లేచొచ్చి చూశారు. ఊర్హో అయితే వేలు పెట్టి ఊపి చూశాడు, కట్టుడువేమోనని. కదల్లేదు. అప్పుడు కూర్చోబెట్టి నీ సంగతి చెప్పాను. నీ బాబాయి ఎంత తెలివిగలవాడో కూడా చెప్పాను. నవ్వుకున్నంతసేపు నవ్వుకోనిచ్చాను, అది నాకు పడాల్సిందే. తర్వాత అడిగాను, మీలో పళ్ళున్నదెవరికి, డాక్టరు మొహం చూడనిదెవరని.

ఇరవై అయిదున ఖాళీ లారీ వెనక బెంచీ వేసి వాళ్ళని తీసుకొస్తున్నాను. ఈసారి వద్దంటే వద్దే అని గట్టిగా చెప్పాను. బ్రష్ ఎవడూ ముట్టడం లేదు. ఊర్హో పెళ్ళాం కొత్తది కొనిచ్చిందంటే లాక్కుని జేబులో పెట్టుకున్నాను.

రేనో

---

ఐరన్ బే,
26 ఏప్రిల్

బాబాయ్, బాబాయ్,

బ్రష్ చేసుకోవచ్చు. గార బ్రష్‌తో పోదు. ఈ ముక్క ముందే రాయాల్సింది. లారీ తలుపు తెరుచుకోగానే మిసెస్ ట్రెంబాత్ ఎందుకు వెనక్కి తగ్గిందో నువ్వు గమనించలేదు, నేను గమనించాను.

కానీ ఆ దృశ్యం నేను బతికున్నన్నాళ్ళూ మర్చిపోను. ముందు రోజు సౌనాలో ఎర్రగా ఉడికి, తలకి నీళ్ళు పెట్టి దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాలు గొంతుదాకా బొత్తాలు పెట్టుకుని, అయిదుగురు అడవి మనుషులు గోడవార బడిపిల్లల్లా కూర్చోవడం. ఒళ్ళంతా పండగ, నోరొక్కటే అడవి. మిసెస్ ట్రెంబాత్ అద్దం పెట్టి ఊర్హో నోట్లోకి చూసింది. ఆ తర్వాత మెల్లగా, ప్రార్థనలో అన్నట్టు, "అమ్మాయ్, వచ్చి చూడు" అంది.

ఊర్హో నావాడు. ఇంకొకతను డెనీస్‌కి దొరికాడు. క్లాసులో మనుషులు దొరకని మరో ఇద్దరు కూడా నీ లారీ వల్లే గట్టెక్కారు. మిగిలిన ముసలాయనకి గార లేదు, అన్నీ బంగారంలా ఉన్నాయి. ఆయన నొచ్చుకుని వెళ్ళాడు, బుజ్జగించు.

ఒక్కటే భయం. పరీక్ష రోజున రక్తపోటు కూడా చూస్తారు. హద్దు దాటితే ఒప్పుకోరు. ఊర్హోకి కుర్చీని చూస్తేనే చెమటలు పడుతున్నాయి. నువ్వు కూడా రావాలి.

సైమి

---

ఐరన్ బే,
4 మే

ప్రియమైన బాబాయ్,

అసలేం చెప్పావు అతనికి?

లోపల ఏం జరిగిందో నేను చెప్తాను, బయట ఏం జరిగిందో నువ్వు చెప్పాలి. రక్తపోటు మొదటిసారి చూసినప్పుడు హద్దు దాటిపోయింది. పరీక్షకుడు (టై కట్టుకున్నాడు, నువ్వన్నట్టే) తల అడ్డంగా ఊపి, "కాసేపు విశ్రాంతి ఇచ్చి ఇంకొక్కసారి చూస్తాం, అంతే" అన్నాడు. నువ్వు ఊర్హోని భుజం పట్టుకుని బయటికి తీసుకెళ్ళడం కిటికీ అద్దంలోంచి కనిపించింది. లారీ మెట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు. ఏడాదంతా కలిపి నువ్వు అన్ని మాటలు మాట్లాడగా నేను వినలేదు.

తిరిగొచ్చి కూర్చున్నాడు. ముంజేయి చాపాడు. హద్దులోనే ఉంది.

ఆ తర్వాత నాకు గడియారం లేదు. కొక్కెం చివర కింద గరగరలాడేది నున్నగా మారే క్షణం ఒకటుంటుంది బాబాయ్, అది చెవికి కాదు, వేలికి వినబడుతుంది. ఒక్కో పన్నూ అలా బయటికి వచ్చింది, మంచు కింద నుంచి రాయి తేలినట్టు. ఊర్హో కళ్ళు మూసుకుని పడుకున్నాడు. మధ్యలో గురక కూడా పెట్టాడు. పరీక్షకుడు వచ్చి సూదితో ప్రతి పంటి చుట్టూ తడిమాడు. ముఖంలో ఏమీ చూపించలేదు. ఫలితం పోస్టులో వస్తుందట.

చెప్పు, ఏమన్నావు?

సైమి

---

కోర్పి అడవి,
10 మే

సైమీ,

భయపడకురా అని అనలేదు. ఆ మాట నాతో ఎవరన్నా నాకు ఒళ్ళు మండుతుంది.

విస్కాన్సిన్‌లో నాకు ఎక్కడెక్కడ భయం వేసిందో అవన్నీ వరసగా చెప్పాను. ముందు కుర్చీ వెనక్కి వాలుతుంది, అప్పుడు కడుపు గొంతులోకొస్తుంది. తర్వాత నీళ్ళు చిమ్ముతారు, మునిగిపోతున్నట్టుంటుంది, మునగవు. గీకుతుంటే తలలో గడ్డపారతో మంచు కొట్టినట్టు చప్పుడు. అది చప్పుడే, నొప్పి కాదు. కింది చిగురు దగ్గర చురుక్కుమంటుంది, అది నొప్పే, పదంకెలు లెక్కపెట్టేలోపు పోతుంది. చివర్లో నెత్తురు ఉమ్మితే చూడొద్దని చెప్పాను, నేను చూసి పాడయ్యాను.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే. ఇంకేదన్నా వస్తే నేను గుమ్మంలోనే ఉంటా, లేచొచ్చేయ్."

"పీకడం?"

"అది మా పిల్ల. పీకదు."

అప్పటికి శ్వాస సరిగా ఆడింది వాడికి.

దార్లు ఎండుతున్నాయి. సోమవారం నుంచి మళ్ళీ పనిలోకి.

రేనో

---

ఐరన్ బే,
8 జూన్

ప్రియమైన బాబాయ్,

కవరు పలచగా ఉంది. పలచని కవరు మంచిది కాదని డెనీస్ ఎక్కడో విందట, ఇద్దరం దాన్ని బల్ల మీద పెట్టి చుట్టూ తిరిగాం. చివరికి ఒకరి కవరు ఒకరం చింపాం. డెనీస్ నాది చదువుతూ ఒక్కసారిగా కూలబడింది. నేను ఓడిపోయాననుకుని ఆమె చేతిలోంచి కాగితం లాక్కున్నాను.

నెగ్గాను. ఆమె కూడా నెగ్గింది. నీ లారీలో వచ్చినవాళ్ళు ఎవరెవరి ముందు నోరు తెరిచారో ఆ నలుగురం నెగ్గాం. మిసెస్ ట్రెంబాత్ వచ్చే ఏడాది పిల్లల కోసం నీ చిరునామా రాసుకుంది.

నీ మీద విసుక్కున్న ఉత్తరం చింపెయ్యి. లేదా, వద్దు, ఉంచు. నువ్వు నా మాట విని ఇంట్లో కూర్చుని ఉంటే నేనొక్కదాన్నే పరీక్ష రాసి ఉండేదాన్ని. ఊర్హో, మిగతావాళ్ళు చచ్చేదాకా ఆ కుర్చీకి దూరంగానే ఉండిపోయేవాళ్ళు. నువ్వు ముందు వెళ్ళి, తిరిగి రాబట్టే వాళ్ళు వచ్చారు. ఇది నాకు ఆలస్యంగా తోచింది. క్షమించమని రాయడం నాకు వచ్చు, అందుకని రాస్తున్నాను. క్షమించు.

డాక్టరుకి ఫోన్ చేశాను. జులై ఒకటి నుంచి రమ్మన్నాడు. గుమ్మం మీద నా పేరు కూడా రాయిస్తాడట. మొదటిసారిగా పూర్తి హోదాతో సంతకం పెడుతున్నాను, నీకే ముందు.

సైమి లాహ్తీ,
దంత శుభ్రత నిపుణురాలు,
లైసెన్సు గలది

---

కోర్పి అడవి,
14 జూన్

లైసెన్సు గల సైమీకి,

నీ ఉత్తరం కాఫీ కొట్లో పైకి చదివాను. ఊర్హో లేచి నిలబడి అందరికీ పళ్ళు చూపించాడు, డిగ్రీ వాడికొచ్చినట్టు. ఇప్పుడు ఎక్కడ ఫోటో తీసినా నవ్వుతున్నాడట, చూళ్ళేక చస్తున్నానంటోంది వాళ్ళావిడ.

మీ అమ్మ ఏమంటుందో అని భయపడ్డావుగా. కౌంటరు దగ్గర సబ్బు కొనడానికొచ్చినవాణ్ణి కూడా వదలడం లేదు. "ఏదీ, నోరు తెరు. జులైలో మా అమ్మాయి దగ్గరికి పో" అంటోంది. నిన్న పాస్టర్ గారిని కూడా తెరిపించింది. ఆయనవి కట్టుడువని అప్పుడే ఊరికి తెలిసింది.

ఉత్తరం చింపను. నువ్వు కోపంలో కూడా బాగా రాశావు.

ఆరు నెలలకోసారి రావాలని విస్కాన్సిన్ పిల్ల చెప్పింది. అంటే నాకు సెప్టెంబరు చివర. అంత దూరం ఇక పోను, నీ దగ్గర తేదీ వేసిపెట్టు. పొద్దునా రాత్రీ తోముకుంటున్నాను, ఊర్హో బ్రష్ నా జేబులోనే ఉండిపోయింది, దాంతోనే. ఈసారి గార దొరక్కపోతే నన్ను తిట్టకూడదు.

రేనో